ఫోటో వెనక పెన్సిలు రాత

గడచిన వారం మనం బఠాణీ తల్లిని బాలల సంక్షేమ కార్యాలయం మెట్ల మీద వదిలి వచ్చాం. మూడు మెట్లెక్కి, నాలుగో మెట్టు దగ్గర ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి కూడదీసుకుంటోంది. మొత్తం పద్నాలుగు మెట్లు. ఏడాది కిందటైతే రెండు చేతులా గాజు పలక పట్టుకుని ఎక్కేసేది. ఇప్పుడు గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. వచ్చే నెల మొదటి వారంలో ఆపరేషను. "నూటికి తొంభై మంది చక్కగా లేచి ఇంటికెళ్తారమ్మా" అన్నాడు డాక్టరు, ధైర్యం చెబుతున్నాననుకుని. ఆమె ఆ తొంభై మందినీ వదిలేసింది. మిగిలిన పదిమందినీ వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ పదిమందిలో తానుంటే బఠాణీ ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఆమెకు అన్నం సయించనివ్వని ప్రశ్న ఇదొక్కటే.

తొమ్మిదేళ్ళ బఠాణీకి జడలు వేసేదీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చేదీ మేస్త్రీ. కారు దూరని ఇరుకు సందులో ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఆయనది, వెనక గదుల్లో కాపురం. వీధంతా ఆయన్ను మేస్త్రీ అంటుంది. మూడేళ్ళ వయసులో తల్లి వెంట ఆ ఇంటికి వచ్చిన పిల్ల కూడా అందరూ అన్నదే అంది, అదే నిలిచిపోయింది. కానీ కాగితాల ప్రకారం మేస్త్రీ ఆ పిల్లకు ఏమీ కాడు. కాగితాల్లో తండ్రి సర్వేయరు. మేస్త్రీ పిల్లను దత్తత తీసుకోవాలంటే సర్వేయరు సంతకం కావాలి. పెట్టనన్నాడు.

ఇక ఒక్కటే దారి ఉందన్నారు ప్లీడరు గారు. కన్నతండ్రి మూడేళ్ళకు మించి బిడ్డ మంచీ చెడూ పట్టించుకోలేదని తేలితే ఆయన సంతకం లేకుండానే కోర్టు దత్తత ఇవ్వచ్చు. "ఆరేళ్ళుగా ఆయన ఊసే లేదు" అని భార్యాభర్తలిద్దరూ ప్రమాణపత్రం మీద సంతకాలు చేశారు. ఆమె భయం చూసి ప్లీడరు గారు ఇంకో పని కూడా చేశారు. సర్వేయరుకు పంపే కాగితాల్లో వీళ్ళ చిరునామా కనపడకుండా కోర్టు చేత కొట్టేయించారు.

ఇవాళ మొదటి విచారణ. కన్నవాళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. మేస్త్రీ వంతు ఎల్లుండి.

ఇదే రోడ్డు చివర బఠాణీ బడి. పొద్దున గేటు దగ్గర పిల్ల సంచీ భుజానికి ఎగదోసుకుంటూ అంది:

"అమ్మా, ఆఫీసరమ్మ మేస్త్రీ గురించి అడిగితే నన్ను పిలువు. నేనైతే బాగా చెప్తా."

"ఏం చెప్తావే?"

"జడలు వంకరగా వేస్తాడు, పాటలు ఇంకా వంకరగా పాడతాడు, లెక్కలు మాత్రం బాగా చెప్తాడని."

"మొదటి రెండూ చెప్పకు తల్లీ."

"అబద్ధం చెప్పకూడదుగా!"

"చెప్పకపోవడం అబద్ధం కాదులే. పద, గంట కొడతారు."

అదంతా తలుచుకుంటూ ఆమె మిగిలిన మెట్లెక్కింది.

ఆఫీసరమ్మ గది చిన్నది. బల్ల మీద గాజు పరిచి ఉంది. ఒక మూల పగిలితే అక్కడ ప్లాస్టరు పట్టీ అంటించారు. గాజు పని చేసే మనిషి కాబట్టి ఆమె చూపు ముందు అక్కడికే పోయింది. ఆ తరువాతే కుర్చీలోంచి లేచి నిలబడుతున్న మనిషి మీద పడింది.

"రా, కూర్చో. మెట్లు కష్టమయ్యాయా?" అన్నాడు సర్వేయరు.

ఏడేళ్ళయింది ఆ గొంతు విని. ఏమీ మారలేదు. తడిపి ఆరేసిన గుడ్డలా మెత్తగా ఉంది. తెలియనివాళ్ళు ఆ గొంతు విని, ఇంత మంచి మనిషిని ఈవిడెందుకు వదిలేసిందో అనుకుంటారు. ఆమె పుట్టింటివాళ్ళూ అదే అన్నారు. అతను చెయ్యి చేసుకోలేదు, కేకలెయ్యలేదు. పిల్లకు రెండేళ్ళప్పుడు ఒక పొద్దున, ఆమె బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంది. అతనూ లేడు. మూడు రోజులు వీధి వీధీ తిరిగింది. నాలుగో రోజు పొద్దున పిల్లను ఎత్తుకుని వచ్చి, ఎప్పటిలా చెప్పులు గుమ్మం పక్కన విప్పి, "చూశావా, నేను తలుచుకుంటే నీకేం మిగలదు" అన్నాడు, ఇదే గొంతుతో. తరువాత మంచినీళ్ళడిగాడు.

ఆమె అతనికి ఎంత దూరంగా జరగచ్చో అంత దూరంగా కుర్చీ అంచున కూర్చుంది.

ఆఫీసరమ్మ యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాన్ని బల్ల మీద వెతుక్కుంటోంది. దొరికాక ఫైలు తెరిచింది.

"చూడండి, ఇక్కడ ఎవరూ ఎవరి మీదా అరవడాలు లేవు. నేనడిగినదానికి జవాబు చెప్పండి, చాలు. ఏమండీ సర్వేయరు గారూ, ఆరేళ్ళుగా మీరు బిడ్డ సంగతే పట్టించుకోలేదని వీళ్ళు రాసిచ్చారు. మీరేమంటారు?"

"నేనేమంటాను మేడం. ఆవిడ అలా రాసిందంటే ఏదో కష్టంలో రాసుంటుంది." అతను తోలుసంచీ తెరిచి ఒక కవరు తీశాడు. "నేను మాత్రం నా బిడ్డను ఏటా చూసుకుంటూనే ఉన్నాను."

కవరులోంచి ఫోటోలు తీసి బల్ల మీద ఒక్కొక్కటే పేర్చాడు. పొలం కొలిచేవాడు హద్దురాళ్ళు పాతినట్టు, సమానమైన ఎడంతో, ఆరు ఫోటోలు.

బఠాణీ నాలుగేళ్ళప్పుడు, దుకాణం అరుగు మీద. అయిదేళ్ళప్పుడు, బడి బట్టల్లో. ఆరేళ్ళప్పుడు, ముందు పళ్ళు రెండూ లేకుండా. ఏడు, ఎనిమిది. చివరిది ఈ ఏడాదిది. ఆకుపచ్చ గౌను, రెండు వంకర జడలు.

ఈ ఫోటోలన్నీ ఆమెకు తెలుసు. ఇంట్లో గోడ మీద ఉన్నవాటి నకళ్ళే ఇవి. ఏటా పుట్టినరోజుకు దగ్గరుండి తీయించింది తనే.

"ఇవెక్కడివండీ?" ఆఫీసరమ్మ ముందుకు వంగింది.

"ఏటా పోస్టులో వచ్చేవి మేడం. ఉత్తరం ఉండదు, పంపినవాళ్ళ పేరుండదు. తల్లి మనసు కదా, తనే పంపుతోందనుకున్నా. జవాబు రాద్దామంటే చిరునామా లేదు. పాత ఇంటికి రాస్తే తిరిగొచ్చేశాయి." తిరిగొచ్చిన మూడు కవర్లు కూడా ఫోటోల పక్కన పెట్టాడు. "ఎక్కడుంటారో ఇవాళ్టికీ తెలియదు. తెలిస్తే వచ్చి గుమ్మంలో కూర్చోనా?"

"నేను పంపలేదు," అంది ఆమె. "నేనొక్కటి కూడా పంపలేదండీ."

"మరి ఎవరు పంపారమ్మా?"

ఆఫీసరమ్మ తేదీ ఏమైనా ఉందేమోనని మొదటి ఫోటో తిరగేసింది. రెండోది తిరగేసింది. మూడోది తిరగేసి, మూడింటినీ ఆమె వైపు తోసింది.

ఫోటో వెనక, కుడివైపు పైమూల, పెన్సిలుతో అంకెలు. ఏడు, అయిదు. పక్కన పావు. ఏడు అంకెకు బొడ్డు దగ్గర చిన్న అడ్డగీత. కింద కోడి ముక్కులాంటి టిక్కు.

ఫ్రేములు కట్టేవాళ్ళకు అదొక అలవాటు. బొమ్మ ఏదైనా సరే చేతిలోకి రాగానే తిరగేసి పొడుగూ వెడల్పూ, ఫ్రేము అంచు కింద ఎంత దాగాలో రాసేస్తారు. రాయకుండా ఫోటోను చేతిలోంచి వదలరు. మేస్త్రీ అయితే పెళ్ళి శుభలేఖ ఇచ్చినా ముందు తిరగేసి కొలత వేసి, అప్పుడు ఎవరి పెళ్ళో చదువుతాడు. బఠాణీ దానికి ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు. ఆ ఏడునీ, ఆ కోడి ముక్కునీ చూసి ఆమె రోజుకు పాతిక గాజు పలకలు కోస్తుంది. ఆ రాత ఆమెకు తన చేతి గాజుల కన్నా బాగా తెలుసు.

"ఇదేదో కొలతలా ఉంది. ఈ రాత ఎవరిదో మీకు తెలుసా?" అంది ఆఫీసరమ్మ.

ఆమె తలెత్తింది. సర్వేయరు ఆఫీసరమ్మను చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు, ఎంతో ఓపికగా. చదువు చెప్పే పంతులు, పిల్ల తప్పెక్కడ చేస్తుందో ముందే తెలిసి ఎదురు చూస్తున్నట్టు.

"తెలియదండీ," అంది ఆమె.

ఆఫీసరమ్మ ఆ మాట రాసుకుంది. కలం కాగితం మీద గీరుతున్న చప్పుడు ఆమెకు చివరిదాకా వినిపించింది.

*

దుకాణం చేరేసరికి మూడు దాటింది. మేస్త్రీ పొడుగు బల్ల మీద గాజు పరిచి, వజ్రపు మొన ఉన్న కోతపుల్లతో గీత లాగుతున్నాడు. చెవిలో పెన్సిలు. గోడ నిండా ఫ్రేములు కట్టిన ఫోటోలు.

"వచ్చావా? కూర్చో ముందు. మొహం చూడు, సున్నం కొట్టినట్టుంది. టీ తెప్పించనా?"

"ఏడుకి బొడ్డు దగ్గర గీత ఎవరు పెడతారు మేస్త్రీ?"

చెయ్యి ఆగింది. గాజు గీత సగంలో తప్పి, టక్కుమని అడ్డంగా చీలింది. ఆయన చీలిన ముక్కను చూస్తూ నిలబడ్డాడు. అబద్ధం ఆడటం రానివాళ్ళు అలాగే నిలబడిపోతారు.

"ఆరు ఫోటోలూ బల్ల మీద పేర్చాడు. నీ కోడి ముక్కుతో సహా." మామూలుగా మీరు అనే మనిషి నువ్వు అంటోందని ఇద్దరూ గమనించలేదు. "ఎప్పటి నుంచి?"

"మన పెళ్ళైన ఏడాది నుంచి."

"ఎందుకు?"

మేస్త్రీ కోతపుల్లను జాగ్రత్తగా దాని డబ్బాలో పెట్టాడు. "ఒకరోజు నువ్వు గాజు తేవడానికి వెళ్ళావు. ఇతనొచ్చాడు. నాకు తెలియదు ఎవరో. ఫ్రేము కట్టాలన్నాడు. కొలత చెప్పాడు. సరే, ఫోటో ఏదండీ అన్నా. 'అది మీరే ఇవ్వాలి' అన్నాడు."

ఆమె లోపలి గది తలుపు వైపు చూసింది.

"కేకలెయ్యలేదు. నవ్వుతూనే ఉన్నాడు. పిల్ల లోపల పడుకునుంది. 'ఏడాదికొకటి పంపండి, చాలు. అది అందినన్నాళ్ళూ నేను ఈ గుమ్మం తొక్కను' అన్నాడు. ఫోటోయే కదా అనుకున్నా. ఫోటో ఇస్తే పిల్ల జోలికి రాడంటే ఇవ్వమా అనుకున్నా."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"ఎలా చెప్పను? అప్పట్లో నువ్వు తలుపు గడియ మూడుసార్లు చూసుకునేదానివి. పిల్ల స్నానానికి వెళ్తే బయట నిలబడి పాట పాడమనేదానివి, గొంతు వినపడుతుండాలని. అతనికి మన ఇల్లు తెలుసని చెబితే నువ్వు నిద్రపోతావా?"

"అయితే నా బదులు నువ్వు భయపడ్డావన్నమాట. ఆరేళ్ళు."

"అలవాటైపోయిందిలే," అన్నాడు మేస్త్రీ. నవ్వబోయాడు కానీ మొహం సహకరించలేదు.

ఆమెకు కోపం రావాలి. వస్తే బాగుండును, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. కోపం వచ్చేలోపే అసలు సంగతి అర్థమైంది. సర్వేయరుకు ఫోటోలు అక్కర్లేదు. ఆరేళ్ళుగా అతను ఓపిగ్గా రుజువులు పోగు చేసుకున్నాడు. వాటిని అందంగా కవరులో పెట్టి, అంటించి, పోస్టు చేసింది తన ఇంటి మనిషే.

"మరి ప్రమాణపత్రం మీద ఆయన ఊసే లేదని సంతకం ఎలా పెట్టావు?"

"అతను మనకు రాసిందేం లేదుగా. పంపింది మనం. అది ఊసు కిందికి వస్తుందా అని..." మేస్త్రీ ఆగాడు. "లేదులే. ప్లీడరు చదువుతుంటే తప్పని తెలిసింది. నీ ఆపరేషను తేదీ గుర్తొచ్చింది. పెట్టేశా." తలుపు వెనక చొక్కా అందుకున్నాడు. "ఎల్లుండి దాకా ఎందుకు? ఇప్పుడే వెళ్ళి ఆవిడతో చెప్పేస్తా. రాత నాదేనని."

"వద్దు."

"ఏం?"

"నేను తెలియదని చెప్పాను."

మేస్త్రీ చొక్కా ఒక చేతికి తొడుక్కుని అలాగే ఉండిపోయాడు.

"రాసుకుంది కూడా. నువ్వెళ్ళి నాదేనంటే నేను అబద్ధాలకోరునవుతాను. నువ్వు దొంగ సంతకం పెట్టినవాడివవుతావు. ఇలాంటి వాళ్ళకా పిల్లనిచ్చేది అంటారు. చెప్పకపోతే, నువ్వెలా ఉంటావో చూడ్డానికి ఆవిడ ఇక్కడికొస్తుంది. ఈ గోడ మీద ఏ ఫ్రేము విప్పినా నీ ఏడే."

ఇద్దరూ గోడకేసి చూశారు. ఆరేళ్ళ కష్టమంతా మేకులకు వేలాడుతోంది.

అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. ఆఫీసరమ్మ.

"అమ్మా, కూర్చునున్నావా? శుభవార్త!" ఆవిడ గొంతు వెలిగిపోతోంది. "సర్వేయరు గారు సంతకానికి ఒప్పుకున్నారు. నీ ఆపరేషను సంగతి నేనే చెప్పానులే. పాపం, ఎంత కరిగిపోయారో! ఇంక కోర్టులో పోట్లాట అక్కర్లేదు."

ఆపరేషను సంగతి అతనికి తెలిసిపోయింది.

"ఒక్క కోరిక కోరారు. శనివారం ఒక్క పూట పాపను ఆయనతో పంపాలి. ఇద్దరే. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రానికి తెచ్చేస్తారట. కన్నతండ్రి, ఒకసారి తృప్తిగా చూసుకుంటానంటే కాదనడానికి మనకు నోరెలా వస్తుంది? సోమవారమే సంతకం. ఏమని రాసుకోమంటావు?"

మేస్త్రీ ఫోను దగ్గరికి చెవి పెట్టి వింటున్నాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు, వద్దు అని.

సరేనంటే చాలు. ఒక్క పూట. సంతకం వస్తుంది. తను ఆపరేషను బల్ల మీద నుంచి లేవకపోయినా బఠాణీ మేస్త్రీ కూతురై ఉంటుంది. కాదంటే కారణం చెప్పాలి. అతను పిల్లను మాయం చేసిన ఆ మూడు రోజుల మాట చెప్పాలి, దానికి సాక్ష్యం లేదు. పొద్దున అబద్ధమాడిన మనిషి మాట ఎవరు నమ్ముతారు?

ఖాళీ ఉయ్యాల కళ్ళ ముందు కదిలింది. అందులో పక్కబట్ట ఇంకా వెచ్చగా ఉండటం ఆమె అరచేతికి ఇవాళ్టికీ గుర్తే.

"రాసుకోండి," అంది. "పొద్దున మీరడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. ఆ రాత ఎవరిదో నాకు తెలుసు. మా ఆయనది. ఆ ఫోటోలు ఆయనే..."

"ఆగమ్మా, ఆగు!" ఆఫీసరమ్మ గొంతు మారింది. "ఆయన ఇక్కడే నా ఎదురుగా ఉన్నారు. మంచి కబురు కదా అని ఫోను ఇద్దరికీ వినపడేట్టు పెట్టాను."

తరువాత ఆ మెత్తని గొంతు దూరం నుంచి వచ్చింది.

"పోనీలెండి మేడం. ఒంట్లో బాగాలేని మనిషి, భయపడి చెప్పుంటుంది. నేనేం అనుకోను. అయితే ఆ ఫోటోలు పంపింది మేస్త్రీ గారన్నమాట! ఎంత మంచి మనసు. శనివారం పదింటికి నేనే వచ్చి పాపను తీసుకెళ్తా, వాళ్ళకు శ్రమ వద్దు. ఆ సందులోకి కారు దూరదు కాబట్టి, మలుపులో ఆపుకుంటాను."

"ఏ సందండీ?" అంది ఆఫీసరమ్మ.

తోలుసంచీ పట్టీ బిగించిన చప్పుడు.

"ఆయన్ను మేస్త్రీ అంటారని నా కాగితాల్లో ఎక్కడా లేదే. ఇల్లెక్కడో ఇవాళ్టికీ తెలియదని పొద్దునే కదా నాతో అన్నారు. ఏ సందు సంగతి చెబుతున్నారు మీరు?"

కుర్చీ నేల మీద రాసుకున్న చప్పుడు. "ఏమండీ, కూర్చోండి. మిమ్మల్నే, సర్వేయరు గారూ!" తలుపు కొట్టుకుంది. మెట్ల మీద బూట్లు గబగబా దిగిపోతున్నాయి. అంతసేపూ ఉత్సాహంగా మాట్లాడిన ఆఫీసరమ్మ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ అడిగింది:

"అమ్మా, పాప ఇప్పుడెక్కడుంది?"

గోడ గడియారం నాలుగుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నాలుగింటికి బడి వదులుతారు. ఆ కార్యాలయం మెట్లు దిగితే బడి దాకా తిన్నని రోడ్డు.

అప్పటికే మేస్త్రీ ఒక చేతికి వేలాడుతున్న చొక్కాతో, కాళ్ళకు చెప్పులు లేకుండా సందులో పరుగెడుతున్నాడు. ఆమె ఫోను బల్ల మీద వదిలేసింది. దుకాణం తలుపు తెరిచి ఉన్నది తెరిచినట్టే ఉంది. పది అడుగులు నడిచింది. పదకొండో అడుగు నుంచి నడక ఆమె చేతిలో లేదు. చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టి పరుగెత్తింది. గుండె ఒకసారి కొట్టుకుని, ఇంకోసారి కొట్టుకోవడం మరిచిపోయి, మళ్ళీ కొట్టుకుంటోంది.

మలుపు ఇంకా రానే లేదు. దూరంగా బడి గంట మోగింది.